కాకి ముక్కున కాగితం

క్రీ.శ. 662లో చైనా తాంగ్ చక్రవర్తి గావోజోంగ్ ఒక ఫర్మానా వెలువరించాడు. వసంతంలో వచ్చే హాన్‌షి పండుగనాడు జనం పెద్దల సమాధుల దగ్గరికి వెళ్తున్నారు, వెళ్లినవాళ్లు అక్కడి చెట్లకింద చేరి వినోదిస్తున్నారు, ఒక్కరి ముఖంలోనూ విచారం కనబడడం లేదు, ఇది తగదు అని దాని సారాంశం. మరో డెబ్బై ఏళ్లకు, 732లో, ఆయన మనవడు షువాన్‌జోంగ్ ఈ సమాధి దర్శనం లోకాచారమైపోయిందని ఒప్పుకొని దాన్ని రాజ్య మర్యాదల గ్రంథంలోకి ఎక్కించాడు. ఎక్కిస్తూనే హద్దులు గీశాడు. నైవేద్యం అయ్యాక కన్నీళ్లతో సెలవు తీసుకోవాలి. మిగిలిన పదార్థాలు వేరేచోటికి తీసుకుపోయి తినాలి. మేళతాళాలు కూడదు.

ఈ రెండు ఫర్మానాలను నేను రసశాస్త్ర పత్రాలుగా చదువుతాను. ప్రభువులు కోరింది కలగలుపు లేని కరుణ. ప్రజలు పట్టుబట్టి నిలుపుకున్నది వసంతం కలిసిన కరుణ. గెలిచింది ప్రజలే. ఆ పండుగ ఇవాళ్టికీ వాళ్లు కోరుకున్న తీరులోనే నడుస్తోంది.

హాన్‌షి అంటే నిప్పు ముట్టించని రోజు, చల్లని తిండి తినే రోజు. దాని వెన్నంటే వచ్చేది చింగ్‌మింగ్. కాలక్రమంలో ఈ రెండూ ఒక్కటైపోయి చింగ్‌మింగ్ పేరే నిలిచింది. చంద్రుడితో దీనికి పనిలేదు. సూర్యుడి నడకను ఇరవై నాలుగు భాగాలు చేసిన పంచాంగంలో ఇది అయిదోది, వసంత విషువత్తు తర్వాత పదిహేను రోజులకు, ఏటా ఏప్రిల్ 4న గాని 5న గాని వస్తుంది. అప్పటికి గాలి తేటపడుతుంది, ఎండ నిర్మలమవుతుంది, మధ్యమధ్య సన్నని తుంపర. విత్తనాలు వేసే అదను కూడా అదే. చనిపోయినవాళ్లను తలుచుకోవడానికి ఒక జాతి ఏడాదిలోని అత్యంత సజీవమైన పక్షాన్ని ఎంచుకుంది! ఆ ఎంపికలోనే సగం కవిత్వం ఉంది.

ఆ రోజు జరిగేదంతా చేతిపని. సమాధి అంటే ఊరి బయట కొండవాలున ఉండే మట్టిదిబ్బ. ఏడాదిలో దాని మీద గడ్డి పెరిగి ఉంటుంది, వానకు ఒక పక్క జారి ఉంటుంది. ముందు గడ్డి పీకుతారు. చుట్టూ ఊడుస్తారు. పారతో కొత్తమట్టి తెచ్చి దిబ్బ మీద పోస్తారు. శిలాఫలకాన్ని కడిగి, వెలిసిపోయిన అక్షరాల గాడిలో సన్నని కుంచెతో రంగు దిద్దుతారు. దిబ్బ నెత్తిన ఒక కాగితం పెట్టి, ఎగిరిపోకుండా రాయో మట్టిబెడ్డో ఉంచుతారు. ఆ కాగితం చూస్తే చాలు, ఈ ఇంటివాళ్లు వచ్చి వెళ్లారని దారినపోయేవాళ్లకు తెలిసిపోతుంది. పళ్లు, మద్యం, అన్నం, మాంసం వరసగా పెట్టి వంగి మొక్కుతారు. తర్వాత అవే పదార్థాలు విప్పుకుని తింటారు. యాంగ్‌చీ నదికి దక్షిణాన ఉన్న సీమల్లోనైతే మాచిపత్రి జాతి ఆకుల రసంతో జిగురు బియ్యప్పిండి కలిపి, లోపల ఎర్రగింజల తీపి పూర్ణం పెట్టి, ఆవిరిమీద ఉడికించిన ఆకుపచ్చ ఉండలు ఉంటాయి. నోట్లో వేసుకుంటే తీపికి ముందు ఆకు వాసనే తగులుతుంది. ఆ తర్వాత పిల్లలు గాలిపటాలెగరేస్తారు, పెద్దలు పచ్చిక మీద నడుస్తారు. పాత కాలంలో ఉయ్యాలలూ ఊగేవారు.

తాతగారి ఫలకం మీది అక్షరంలో మనవడు రంగు దిద్దుతున్నప్పుడు అతని కంట్లో నీళ్లు ఉండనీ, లేకపోనీ. అతని వేలు ఆ పేరు మీద, ఒక్కొక్క గీత మీద, ఒక్కొక్క మలుపు మీద నడుస్తోంది. ఈ పండుగలోని కరుణ అక్కడుంది. చక్రవర్తులు దాన్ని కంట్లో వెతికి కనబడలేదన్నారు. అది చేతిలో ఉంది.

కరుణ, శృంగారం పరస్పర విరోధులని మన ఆలంకారికులు పట్టిక వేసి మరీ చెప్పారు. అయితే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడో ఉద్ద్యోతంలో ఒక అద్భుతమైన మినహాయింపు చూపించాడు. భారతంలో స్త్రీపర్వం. కురుక్షేత్రంలో భూరిశ్రవుడి చేయి తెగిపడి ఉంది. భార్య ఆ చేతిని ఒడిలోకి తీసుకుని, అది ఒకప్పుడు తన మొలనూలు సడలించిన చేయి అని తలుచుకుంటుంది. అక్కడ శృంగార స్మృతి శోకాన్ని చెదరగొట్టదు, లోతు చేస్తుంది. విరోధి రసం ప్రధాన రసానికి అంగంగా ఒదిగితే దోషం లేదు సరికదా, అదే పోషకమవుతుందని ఆయన తీర్పు. ఈ తీర్పును ఆధారం చేసుకుని చూస్తే చింగ్‌మింగ్ అంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది. గాలిపటం, పచ్చిక, తీపి ఉండ, పూసిన పండ్లచెట్టు ఇవన్నీ సమాధి పక్కన నిలబడినందువల్లే అంత పచ్చగా ఉన్నాయి. ఈ వసంతాన్ని ఒకప్పుడు చూసిన కళ్లు ఆ మట్టికింద ఉన్నాయని తెలిసినవాడికి వసంతం రెట్టింపవుతుంది. శోకమూ రెట్టింపవుతుంది.

ఈ పండుగ పుట్టుకకు చెప్పుకునే కథలో మాత్రం వసంతం లేదు, నిప్పుంది. జిన్ రాజకుమారుడు చోంగ్‌ఎర్ పందొమ్మిదేళ్లు పరదేశాల పాలయ్యాడు. వెంట ఉన్నవాళ్లలో జియె జితుయి ఒకడు. ఆకలికి తాళలేని ప్రభువుకు తన తొడ కోసి వండిపెట్టాడంటారు. క్రీ.పూ. 636లో చోంగ్‌ఎర్ రాజయ్యాడు, అందరికీ బహుమానాలిచ్చాడు, ఇతన్ని మరిచాడు. జితుయి తల్లిని తీసుకుని మియన్ కొండల్లోకి వెళ్లిపోయాడు. తప్పు తెలుసుకున్న రాజు, బయటికి రప్పించాలని అడవికి నిప్పు పెట్టించాడు. మంటలారాక కాలిన చెట్టు దగ్గర తల్లీకొడుకుల శవాలు కనబడ్డాయి. ఆనాటినుంచి ఆ రోజున పొయ్యి రాజెయ్యరాదన్నారు. ప్రాచీన గ్రంథం జువోజువాన్‌లో ఈ మంట లేదు. అతను అజ్ఞాతంలోకి వెళ్లి అక్కడే మరణించాడని మాత్రం ఉంది. నిప్పు తర్వాతి తరాలవాళ్లు రాజేసింది. ఎందుకు రాజేశారో నాకు అర్థమవుతుంది. కృతజ్ఞత ఆలస్యమైతే అది కూడా దహిస్తుందని చెప్పడానికి వాళ్లకు అంతకన్నా మంచి ప్రతీక దొరకలేదు. ఏడాదికొకసారి ఇంటింటా పాత నిప్పు ఆరి, చింగ్‌మింగ్ నాడు కొత్త నిప్పు పుట్టేది. తాంగ్ దర్బారులో ఆ కొత్త నిప్పును చక్రవర్తి తన కొలువులోని పెద్దలకు కానుకగా పంపేవాడు. ఈ ఆరిపోవడం, మళ్లీ రాజుకోవడం గుర్తుంచుకోవాలి. అది మళ్లీ అవసరపడుతుంది.

చింగ్‌మింగ్ అనగానే కళాలోకం తలుచుకునేది జాంగ్ జెదువాన్ పట్టుమీద గీసిన పొడుగాటి చిత్రపటం. పన్నెండో శతాబ్ది మొదట్లోది, జానెడు పైచిలుకు ఎత్తు, అయిదు మీటర్లకు మించిన పొడుగు, ఇప్పుడు బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. సోంగ్ రాజధాని బియన్‌జింగ్, ఇప్పటి కైఫెంగ్, అందులో కళకళలాడుతూ కనబడుతుంది. స్తంభం లేని చెక్క వంతెన, దాన్ని ఢీకొనబోతున్న పడవ, పైనుంచి అరుస్తూ తాళ్లు విసురుతున్న జనం, కోటగుమ్మంలోంచి నడుస్తున్న ఒంటెలు. అందరూ వంతెన దగ్గర ఆగిపోతారు. నన్ను ఆపేది దానికి చాలా ముందు, కుడివైపు పొలాల దగ్గర ఊళ్లోకి వస్తున్న ఒక పల్లకీ. దాని కప్పు నిండా చెట్టు కొమ్మలు గుచ్చి ఉన్నాయి. చింగ్‌మింగ్ నాడు బియన్‌జింగ్ జనం పల్లకీల మీద విల్లో కొమ్మలు, రకరకాల పూలు నాలుగువైపులా వేలాడేలా అలంకరించేవారని, ఆ నగరం పోయాక దాన్ని తలుచుకుంటూ మెంగ్ యువాన్‌లావో రాసిన గ్రంథంలో ఉంది. ఆ పల్లకీ సమాధుల దగ్గరినుంచి తిరిగి వస్తోంది. చిత్రకారుడు సమాధిని గీయలేదు, తిరుగు ప్రయాణాన్ని గీశాడు. పటంలో అసలున్నది ఈ పండుగేనా, శరత్కాలమా అని వాదించే పండితులు లేకపోలేదు. ఆ కొమ్మల పల్లకీ చూశాక నాకు ఆ వాదం మీద ఆసక్తి నిలవలేదు. 1127లో జుర్చెన్ సేనలకు ఆ నగరం పడిపోయింది. తర్వాతి కాలంలో ఆ పటాన్ని విప్పి చూసిన ప్రతి చేయీ ఒక నగరపు సమాధిని ఊడ్చిన చేయే.

తాంగ్ కవి దు ము పేరున చెలామణి అయ్యే నాలుగు పాదాల పద్యం ఇంకొకటుంది. ఆయన రచనల సంపుటిలో అది లేదు, సోంగ్ కాలపు సంకలనాల ద్వారానే జనంలోకి వచ్చింది. అయినా చైనాలో బడికి వెళ్లిన ప్రతి పిల్లవాడికీ కంఠస్థం. చింగ్‌మింగ్ తుంపరలో ఇంటికి దూరంగా ఉన్న బాటసారి కల్లు దుకాణం ఎక్కడని అడిగితే, పశువుల కాపరి కుర్రవాడు జవాబు చెప్పడు, వేలు చూపిస్తాడు. ఇరవై ఎనిమిది అక్షరాల పద్యాన్ని నిలబెట్టింది ఆ చాచిన చేయి. మళ్లీ చేయే.

అసలు నేను చెప్పదలచుకున్నది సోంగ్ కవి సు షి గురించి.

సిచువాన్‌లోని మెయ్‌షాన్ ఆయన ఊరు. తండ్రి, తల్లి, చిన్నవయసులోనే పోయిన మొదటి భార్య, ముగ్గురి సమాధులూ అక్కడే. 1079లో ఆయన పద్యాల్లో రాజధిక్కారం ఉందని శత్రువులు అభియోగం మోపారు. వంద రోజులకు పైగా చెరసాలలో పెట్టి, తలతియ్యకుండా వదిలి, యాంగ్‌చీ ఒడ్డున ఉన్న హువాంగ్‌జౌకు పంపేశారు. పేరుకు ఒక పదవి, చేతిలో ఏ అధికారమూ లేదు. అనుమతి లేనిదే కదలడానికి వీల్లేదు. కుటుంబం గడవడానికి ఊరికి తూర్పున ఒక మెట్టచెక్క దున్నుకున్నాడు. ఆ తూర్పువాలు పేరుమీదనే దోంగ్‌పో అయ్యాడు. 1082లో, అక్కడికి వచ్చాక మూడో హాన్‌షి నాడు, ఆయన రెండు పద్యాలు చెప్పి, వాటిని తన చేత్తో రాసుకున్నాడు. పదిహేడు వరసలు, నూట ఇరవై తొమ్మిది అక్షరాలు. ఈ పండుగ కన్న కళల్లో అది శిఖరమని నా నిశ్చయం.

మొదటి పద్యంలో వసంతం వెళ్లిపోతోంది. ఏటా దాన్ని దాచుకోవాలనుకుంటాడు, అది నిలవదు. ఎడతెగని వానకు వసంతం శరత్తులా తోస్తుంది. పక్కమీద పడుకుని, బురదలో రాలిన పూల వాసన వింటాడు. రెండో పద్యంలో నది గుమ్మందాకా వచ్చింది. గుడిసె నీటిమధ్య జాలరి పడవలా ఉంది. వంటింట్లో సరుకు లేదు, పగిలిన పొయ్యిలో తడిసిన రెల్లు కాల్చుకుని ఏదో ఆకుకూర ఉడకబెట్టుకుంటున్నాడు. ఇవాళ ఏ రోజో కూడా తెలియదు. అంతలో ఒక కాకి కనబడుతుంది, దాని ముక్కున కాగితం.

ఇక్కడ ఆగాలి. హాన్‌షి నాడు నిప్పు నిషేధం గనక పితృదేవతలకిచ్చే కాగితపు నాణేలను కాల్చేవారు కారు, సమాధి చెట్లకు వేలాడదీసేవారు. కాకులు వాటిని ఎత్తుకుపోయేవి. అంటే ఆ కాగితం ఎవరిదో సమాధి మీదనుంచి వచ్చింది. ఊళ్లో ఎవరో తమవాళ్లను చూసి వచ్చారు. ఇవాళ హాన్‌షి అని ఆయనకు తెలిసింది, పొయ్యి వెలిగించి కూర్చున్నాక! వండకూడని రోజున వండుతున్నాడు, పండుగ వచ్చిందని కబురు చెప్పే మనిషి కూడా దగ్గర లేడు. ఏకాకితనాన్ని ఇంతకన్నా క్లుప్తంగా చెప్పిన ఘట్టం నాకు మరొకటి తెలియదు. రసపరిభాషలో కాకి ఇక్కడ ఉద్దీపన విభావం. మరి అనుభావమేదీ? కన్నీరు లేదు, నిట్టూర్పు లేదు. ఆ వెంటనే ఆయన అనేది, ప్రభువు వాకిలి తొమ్మిది గుమ్మాల లోతున ఉందని, పెద్దల సమాధులు పదివేల కోసుల దూరాన ఉన్నాయని. సేవించవలసిన చోటు ఒకటి, మొక్కవలసిన చోటు ఒకటి. రెండూ మూసుకుపోయాయి.

పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే మనకు ఈ కాకి మరింత గుచ్చుకుంటుంది. సు షి పద్యంలో అది వట్టి పక్షి, పితరుల దూత కాదు. ఆ అదనపు ధ్వని మన సంస్కారం తెచ్చిపెట్టింది. సహృదయుడు తన ఇంటి వాసనలతోనే పరాయి కావ్యంలోకి అడుగుపెడతాడు. దాన్ని అణుచుకోవలసిన అవసరం లేదు.

అనుభావమేదని అడిగాను కదా, అది రాతలో ఉంది. పటాన్ని కుడినుంచి చూడాలి. మొదటి వరసల్లో అక్షరాలు చిన్నవి, ఒదిగి ఉన్నాయి, మనిషి గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టే. 'ఏడాది' అనే అక్షరపు నిలువు గీత మాత్రం ఉన్నట్టుండి కిందికి సాగిపోతుంది. గడిచిన ఏళ్ల పొడవు తెలిసేంత సాగుతుంది. ఒకచోట ఒక అక్షరం మరిచిపోయి పక్కన చిన్నగా చేర్చాడు. ఇంకొకచోట అక్కర్లేని అక్షరం పక్కన చుక్కలు పెట్టి వదిలేశాడు. శుభ్రప్రతి రాసుకోలేదు. రెండో పద్యం మొదలవగానే సిరా చిక్కబడుతుంది, అక్షరాలు ఉబ్బుతాయి. 'పగిలిన పొయ్యి' దగ్గర కుంచె మొత్తం కాగితం మీద వాలిపోయింది. ఆ రెండక్షరాలంత బరువైనవి పటంలో మరి లేవు. వాటి తర్వాత 'రెల్లు', దాని తోక రెల్లాకులాగే మొన తేలి దిగుతుంది. ఇక 'కాగితం'. కాకి పట్టుకున్న ఆ కాగితం అనే అక్షరపు చివరి గీత వరస పొడుగునా కిందికి, ఇంకా కిందికి జారుతుంది. చెయ్యి తిరిగిన రాతగాడు గీత ఎక్కడ ఆపాలో తెలియక సాగదీయడు. ఆపడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. దాని కిందనే వచ్చే 'ప్రభువు' అనే అక్షరం దాని ముందు చిన్నదై కనబడుతుంది. కాగితం మీద సిరాతో 'కాగితం' అని రాస్తున్నాడు. సమాధి మీద పెట్టవలసిన కాగితం దూరమైపోతే, చేతిలో ఉన్న ఈ కాగితమే సమాధి ముందరి కాగితమైంది. శిలాఫలకం మీద అక్షరం దిద్దలేని కొడుకు, అక్షరాన్నే దిద్దుకున్నాడు.

పద్యం ముగింపు ఆరిన బూడిద. ఊదినా రాజుకోదంటాడు. పండుగ క్రమం తెలిసినవాడికి ఈ మాట ఎంత దారుణమో తెలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దేశమంతటా కొత్త నిప్పు పుడుతుంది, ఒకనాడు చక్రవర్తులే దాన్ని కానుకగా పంచారు. ఈయన మాత్రం ఆ నిప్పును ముందే వద్దనుకుంటున్నాడు. నిర్వేదం సంచారిగా వచ్చి స్థాయిని మింగేసే ప్రమాదం ఇక్కడుంది. మింగనివ్వనిది మళ్లీ చేయే. మాట బూడిద అంటోంది. చేయి మండుతోంది. చివరి వరసల్లో అక్షరాలు ఎంత పెద్దవి, ఎంత వేగం, ఎంత ఊపు! మాటా చేతా ఇలా ఎదురెదురు నడిచి ఒకే రసాన్ని పండించిన మరో కృతి నేనెరుగను. అందుకే దీన్ని పద్యంగా మాత్రమే చదివినవాళ్లు సగం చదివినట్టు.

సు షి అభిమాన శిష్యుడు హువాంగ్ తింగ్‌జియన్ ఈ పటం చివర పెద్ద పెద్ద అక్షరాలతో తన మెప్పు రాశాడు. మళ్లీ రాయమంటే దోంగ్‌పో కూడా ఇలా రాయలేకపోవచ్చునన్నాడు. అది అతిశయోక్తి కాదు. ఇలాంటి రాత మళ్లీ రాదు.

చైనీయులు నడకరాతలో మూడింటిని ముల్లోకాలకు మొదటివిగా లెక్కపెడతారు. మొదటిది వాంగ్ షిజీ 353లో వసంతస్నానాల పండుగనాడు, మిత్రులతో ఏటి ఒడ్డున మద్యం సేవిస్తూ, ఆనాడు అక్కడ చెప్పిన పద్యాలకు రాసిన పీఠిక. వేడుకతో మొదలై, ఇంత ఆనందమూ గతమైపోతుందన్న చింతలోకి జారుతుంది. దాని అసలు ప్రతి పోయింది, నకళ్లే మిగిలాయి. రెండోది యాన్ జెన్‌చింగ్ 758లో, తిరుగుబాటుదారులు చంపిన అన్నకొడుకు కోసం రాసుకున్న శ్రాద్ధ లేఖ, కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతి. మూడోది సు షి హాన్‌షి పటం. వసంతం ఒకటి, మరణం ఒకటి, ఆ రెండూ కలిసినది మూడోది. ఒక నాగరికత తన చేతిరాతలో అత్యుత్తమమైనవాటిని ఏరుకుంటే, మూడూ ఈ పండుగలోని భావాల చుట్టుపక్కలే తేలాయి. ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

పటం తర్వాతి బతుకంతా నిప్పుతోనే. 1860లో ఆంగ్లో-ఫ్రెంచి సేనలు బీజింగ్‌లోని పాత వేసవి ప్రాసాదాన్ని తగలబెట్టినప్పుడు అది అందులోనే ఉందంటారు. అడుగంచున కాలిన మచ్చలున్నాయి. చేతులు మారి 1922లో జపాన్ చేరింది. మరుసటి ఏడే కాంతో భూకంపం, తోక్యోలో మంటలు. దాన్ని దక్కించుకున్న కికుచి అనే కళాసంగ్రాహకుడు కాలుతున్న ఇంట్లోంచి దీన్ని బయటికి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చైనీయుల చేతికి తిరిగి వచ్చి, 1987లో తైపేలోని జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో స్థిరపడింది. నిప్పు కూడదన్న రోజున పుట్టి, ఆరిన బూడిదనని చెప్పుకున్న కాగితం రెండు మంటల్లోంచి బయటపడింది.

అసలు పటాన్ని అరుదుగా గాని ప్రదర్శనలో ఉంచరు, వెలుతురుకు పాడవుతుందని భద్రంగా దాస్తారు. మంచి అచ్చుప్రతులు మాత్రం దొరుకుతాయి. చైనా లిపి రాకపోయినా ఫర్వాలేదు. ఒకటి సంపాదించండి. కుడినుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క వరసే పైనుంచి కిందికి మీ వేలితో గాలిలో అనుసరించండి. కాకి ముక్కున ఉన్న కాగితం దగ్గరికి వచ్చినప్పుడు ఆ గీతను చివరిదాకా, తొందరపడకుండా దిగండి. ఒక కొడుకు తన ఊరికి వెళ్లలేక పెట్టిన మొక్కు అది.